కొమ్ము కోనెం వేటకి సామాను: చెన్నై కాసిమేడు దగ్గర నెల్లూరాయన షాపు గురించి నా మాట

ఎనభై పౌండ్ల క్లాసు రీలు (అంత బరువుకి తెగే దారం చుట్టే గాలపు చక్రం) కావాలని అడిగితే పెద్దాయన కౌంటర్ మీద ఒక స్ప్రింగ్ కాటా పెట్టారు. పాత పేపర్లు కొనేవాళ్ల దగ్గర కింద కొక్కెం వేలాడుతూ ఉంటుందే, అలాంటిది. "రాడ్డు తెచ్చావా అబ్బయ్యా?" అన్నారు. తేలేదన్నాను. "అయితే రేపు రాడ్డు తీసుకుని రా, ఈ రోజు నీకేం అమ్మను" అని కాటా మళ్లీ గోడకి తగిలించేశారు. నేను తిరువాన్మియూర్ నుంచి గంటన్నర ట్రాఫిక్‌లో పడి, డబ్బు సర్దుకుని వెళ్లినవాణ్ణి. అప్పుడు ఒళ్లు మండింది కానీ, మర్నాడు రాడ్డుతో వెళ్లాక ఆయన ఎందుకలా అన్నారో అర్థమైంది. ఆ సంగతి చెప్పడానికే ఈ రివ్యూ.

షాపు రాయపురం దాటి కాసిమేడు హార్బర్ వైపు వెళ్లేటప్పుడు వలలూ తాళ్లూ అమ్మే వరసలో, లోపలి సందులో ఉంటుంది. పేరు రాయొద్దని ఆయనే అడిగారు. జనం గుంపుగా వస్తే ఒక్కొక్కరికీ ఇవ్వాల్సిన టైము ఇవ్వలేనని ఆయన బాధ. కాబట్టి రాయడం లేదు. గాలాల నెల్లూరాయన అంటే ఆ వరసలో ఎవరైనా చూపిస్తారు. షాపు వెడల్పు మహా అయితే ఎనిమిది అడుగులు. తంగూసు చుట్టలు, ఈయం (సీసం) గుళ్లు, మన మత్స్యకారులు వాడే మామూలు గాలాలు ముందు ఉంటాయి. పెద్ద వేట సామానంతా వెనక గదిలో.

నాకు ఇదంతా ఎందుకు కావాల్సి వచ్చిందంటే, మా అక్క వాళ్లు మారిషస్‌లో ఉంటారు, బావకి అక్కడ బ్లాక్ రివర్ వైపు ఉద్యోగం. అక్కడ మార్లిన్ పోటీలో దిగుతున్న ఒక టీములో మనిషి తక్కువయ్యాడని, మార్చిలో వస్తావా అని బావ అడిగాడు. అంతకుముందు నేను పట్టిందల్లా చెన్నై పక్కన కోవళం దగ్గర వంజరం, పారై, మహా అయితే ఒకటి రెండు సూర చేపలు. మార్లిన్ అంటే ఏంటో తెలుసుకోవాలంటే మన తీరం వాళ్లకి వేరే పుస్తకాలు అక్కర్లేదు, కొమ్ము కోనెం అంటే చాలు, మూతి బల్లెంలా పొడుచుకొచ్చి ఉండే పెద్ద చేప. 2025 జులైలో అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర అది లాగేస్తే ఒక మత్స్యకారుడు సముద్రంలో పడి గల్లంతయ్యాడు. ఆ వార్త చదివినప్పటి నుంచీ ఈ చేపంటే నాకు భయం, గౌరవం రెండూ ఉన్నాయి. పెద్దాయనతో ఈ మాట అంటే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "దారం చేతికి చుట్టుకోవడం అనేది మన వాళ్లకి అలవాటు. నువ్వు మాత్రం లీడర్ (గాలానికి ముందు కట్టే మందపాటి దారం) పట్టుకునే చోట చేతికి గ్లౌజు లేకుండా నిలబడొద్దు, కాళ్ల దగ్గర దారం చుట్టలు పడి ఉండకుండా చూసుకో, పక్కనే కత్తి పెట్టుకో" అన్నారు. సామాను సంగతి దాని తర్వాతే మొదలుపెట్టారు.

రెండో రోజు రాడ్డుతో వెళ్లాక జరిగింది కాస్త వివరంగా రాస్తాను. షాపు విలువంతా అక్కడే ఉంది.

లీవర్ డ్రాగ్ రీలు (లీవర్‌తో బ్రేకు బిగించే రకం) వాడినవాళ్లకి తెలుసు, లీవర్‌ని స్ట్రైక్ అనే చోటికి తోస్తే ఒక బిగువు వస్తుంది. చేప తగిలినప్పుడు ఆ బిగువు దారం తెగే బరువులో పావు వంతు నుంచి మూడో వంతు మధ్య ఉండాలి. 80 పౌండ్లంటే దాదాపు 36 కిలోలు, అంటే స్ట్రైక్‌లో 9 నుంచి 12 కిలోల మధ్య. ఇంతవరకు నేనూ వీడియోల్లో చూశాను. చేత్తో లాగి చూసి సరిపోయిందనుకునేవాణ్ణి. ఆయన రాడ్డుని షాపు ముందు ఇనుప స్టాండుకి బిగించి, దారాన్ని అన్ని గైడ్ల (రాడ్డు మీది రింగుల) గుండా తీసి చివర కాటా తగిలించి, షాపు కుర్రాణ్ణి పిలిచి సందులో వెనక్కి నడవమన్నారు. నిదానంగా, ఆగకుండా. "మొదట కదిలేటప్పుడు ముల్లు ఎక్కడికి ఎగిరిందో చూడు, తర్వాత నడుస్తున్నప్పుడు ఎక్కడ నిలబడిందో చూడు" అన్నారు. నేను ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న రీలు అది. మొదటి కుదుపులో ముల్లు 14 దాటింది, నడిచేటప్పుడు 10కి వచ్చింది. ఆ నాలుగు కిలోల తేడాయే చేపని తీసుకుపోతుందని చెప్పి, రీలు విప్పి డ్రాగ్ వాషర్ చూపించారు. పాత గ్రీజు గట్టిపడి ఒక పక్క నల్లగా మెరుస్తోంది. దాన్ని శుభ్రం చేసి కొత్త గ్రీజు పల్చగా రాసి, బేరింగులు మార్చి మళ్లీ కొలిచారు. ఈసారి కుదుపులో 11.5, నడకలో 11. సర్వీసుకి 1,800 తీసుకున్నారు, బేరింగుల ఖర్చు వేరే.

కొత్త రీలు ఆయన నాకు అమ్మనే లేదు! అంటే ఒకటి అమ్మారు, కానీ నేను అనుకున్నది కాదు. టియాగ్రా, పెన్ ఇంటర్నేషనల్ లాంటి రెండు వేగాల పెద్ద రీళ్లు మన దగ్గర కొంటే చాలా ఖరీదు. అవి మంచివి కావని కాదు, చాలా మంచివి. ఉన్నదాన్ని బాగుచేసుకుని వాడుకో, మిగిలిన డబ్బు దారానికీ లీడర్‌కీ గాలాలకీ పెట్టు అన్నది ఆయన మాట. బావ వాళ్ల బోటులో 80, 130 క్లాసు రీళ్లు ఎలాగూ ఉన్నాయి. నాది స్పేర్‌గా, ఇక్కడ ప్రాక్టీసుకి. అందుకని ఒక 50 క్లాసు రీలు మాత్రం తీసుకున్నాను, చెన్నై దగ్గర మయిల్ మీన్‌కి. తెలుగులో దీన్ని కూడా చాలామంది కొమ్ము కోనెం అనే అంటారు, వీపు మీద తెరచాపలా రెక్క ఉండేది.

తర్వాత ఆయన చేసిన పని నేను ఇంకే షాపులోనూ చూడలేదు. 80 రీలులో అడుగున పచ్చ రంగు బ్రెయిడ్ (అల్లిన దారం) చుట్టి, పైన తెల్ల మోనో (ఒంటి పోగు నైలాన్ దారం) వేయడానికి ముందే ఆగి, అదే లీవర్ చోటులో బిగువు మళ్లీ కొలిచారు. ముల్లు 16 దగ్గర నిలబడింది. పైన మోనో నిండుగా చుట్టాక కొలిస్తే 11. లీవర్ అంగుళం కూడా కదపలేదు. స్పూలు మీద దారం తగ్గే కొద్దీ చుట్టు చిన్నదవుతుంది, చుట్టు చిన్నదయ్యే కొద్దీ అదే బ్రేకు మీద దారానికి పడే బిగువు పెరుగుతుంది, చుట్టు సగమైతే బిగువు రెండింతలు. దానికి తోడు వందల గజాల దారాన్ని నీళ్లలో ఈడ్చే బరువు ఒకటి. అందరూ చేసే తప్పేంటంటే, చేప దూరంగా పోతోందన్న టెన్షన్‌లో లీవర్ ముందుకి తోస్తారు, సరిగ్గా అప్పుడే వెనక్కి లాగాలి. "పచ్చ కనబడిందంటే లీవర్ వెనక్కి. ఆలోచించొద్దు, రంగు చూసి చెయ్యి లాగెయ్" అన్నారు. లీవర్ పక్కన నెయిల్ పాలిష్‌తో రెండు చుక్కలు పెట్టారు, ఎరుపు 11కి, తెలుపు 7కి.

బ్రెయిడ్ కూడా 80దే వేశారు. నేను 130 వేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అన్నాను. ఐజీఎఫ్ఏ (గాలం వేట రికార్డులు చూసే అంతర్జాతీయ సంఘం) రూలు ప్రకారం లోపలి దారం పై దారానికి కట్టి ఉంటే, రెండిట్లో బరువైనదాన్ని బట్టే క్లాసు లెక్కేస్తారని అప్పుడు చెప్పారు. ఇలాంటివి ఆయనకి నోటికి వచ్చు. పది కిలోలు దాటిన దారానికి లీడర్ 30 అడుగులు మించకూడదు, డబుల్ లైనుతో (చివర రెండు పేటలుగా వేసిన దారం) కలిపి 40 దాటకూడదు, ఆ 30 అడుగుల్లో లూరూ (బొమ్మ ఎర) గాలమూ కూడా కలిసే లెక్క. షాపు బయట గోడకి రెండు మేకులు కొట్టి ఉన్నాయి, వాటి మధ్య 28 అడుగులు. లీడర్లన్నీ ఆ మేకుల మధ్య లాగి చూసి కడతారు. సాగినా రెండడుగులు చేతిలో ఉండాలని. ఇది చాదస్తం అనిపిస్తే 2023లో అమెరికాలో బిగ్ రాక్ పోటీలో జరిగింది గుర్తు తెచ్చుకోండి, 619.4 పౌండ్ల బ్లూ మార్లిన్‌ని తీరానికి తెచ్చాక, సొరచేప కొరికిన గాయం ఉందని రూలు ప్రకారం పక్కన పెట్టేశారు, లక్షల డాలర్ల బహుమతి పోయింది. అక్కడ వాళ్ల చేతిలో ఏమీ లేదు, కానీ లీడర్ పొడుగు మన చేతిలో ఉన్న విషయం, దాని మీద ఓడిపోతే ఎంత బాధ.

ఇప్పుడు క్రింపుల గురించి, అంటే లీడర్ చివర లూపుని నొక్కి బిగించే చిన్న లోహపు గొట్టాలు, స్లీవ్‌లనీ అంటారు. నా సొంత బాధ ఇది. ఈ షాపుకి రాకముందు ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర (పేరు వద్దు) స్లీవ్‌ల ప్యాకెట్ కొన్నాను, సైజు 2.0 అని రాసి ఉంది. ఇంట్లోనే కటింగ్ ప్లయర్‌తో నొక్కి నాలుగు లీడర్లు కట్టుకున్నాను, చూడ్డానికి బాగానే ఉన్నాయి. పెద్దాయన అందులో ఒకటి తీసుకుని, లూపుని స్టాండు కొక్కేనికి తగిలించి, రెండో చివర కర్రకి చుట్టి ఒక్క గుంజు గుంజారు. 300 పౌండ్ల దారం వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు స్లీవ్‌లోంచి జారి వచ్చేసింది. రెండోదాంట్లో జారలేదు, స్లీవ్ అంచు దగ్గర టక్కున తెగింది. ఒకటి వదులు, ఒకటి కోత. స్లీవ్ లోపల దారం రెండు వరసలూ బిర్రుగా పట్టాలి, పక్కన ఖాళీ ఉండకూడదు. నొక్కేటప్పుడు రెండు చివర్లా కొంచెం వదిలేసి మధ్యలోనే నొక్కాలి, అప్పుడు అంచులు గంటలాగా విచ్చుకుని దారాన్ని కోయవు. నొక్కే పట్టకారు పళ్లు కూడా గిన్నె మీద గిన్నె బోర్లించినట్టు గుండ్రంగా ఉండాలి, గుచ్చుకునే రకం మోనోకి పనికిరాదు. బయటికి వచ్చిన తోకని లైటర్‌తో కాల్చి చిన్న ఉండలా చేస్తే జారే అవకాశం ఇంకా తగ్గుతుంది. ఇవన్నీ ఆయన చేతులు చేస్తుంటే నేను ఫోన్‌లో వీడియో తీసుకున్నాను, ఆయన వయసులో ఆ వేళ్లు ఒక్కసారి కూడా వణకలేదు. తర్వాత నా చేత పన్నెండు కట్టించారు, మూడు పారేశారు.

గాలాల్లో ఆయన దగ్గర పెద్ద రకాలేం లేవు, కానీ ఉన్నవి గట్టివి. కడ్డీ మందంగా ఉండే స్టీలు గాలాలు, 8/0 నుంచి 11/0 వరకు. లూరు తల వెడల్పు కంటే గాలం నోరు కొంచెం ఎక్కువ ఉండాలి, లేకపోతే చేప నోట్లో తల అడ్డం పడి ముల్లు దిగదు. రెండు గాలాలు కట్టే పద్ధతి ఉంది, పోటీల్లో కొలతలతో ఒప్పుకుంటారు కూడా. ఈయన మాత్రం ఒకటే, ముల్లు పైకి చూసేలా బిగువుగా కట్టి ఇస్తారు. చేపని వదిలిపెట్టేటప్పుడు రెండో గాలం చేప కంట్లోనో మన చేతిలోనో దిగుతుంది, ఒకటైతే ఆ గొడవ లేదు అంటారు. నాకూ అదే నచ్చింది. చచ్చిన చేపో బతికిన చేపో ఎరగా వేస్తే మాత్రం గుండ్రంగా లోపలికి తిరిగిన సర్కిల్ గాలమే, అది గొంతులోకి పోకుండా మూతి అంచున పడుతుంది. బ్లూ మార్లిన్‌ని ప్రపంచ స్థాయి జాబితాలో ముప్పు పొంచి ఉన్న (వల్నరబుల్) జాతుల్లో పెట్టారు, వదిలిపెట్టే వేటలో అది బతికి పోవాలి, లేకపోతే వదిలామని చెప్పుకోవడం దేనికి.

లూర్ల విషయంలో షాపు బలహీనం. ఐదారు రకాలకి మించి లేవు, నలుపు ఊదా ఒకటి, నీలం తెలుపు ఒకటి, పచ్చ పసుపు ఒకటి, అంతే. రంగుల కోసం వెళ్లేవాళ్లకి నిరాశ తప్పదు. కానీ ఉన్నవాటిని ఎక్కడ వదలాలో కాగితం మీద గీసి ఇచ్చారు, బోటు వెనక తెల్లటి నురగ దాటాక రెండో అల మీద ఒకటి, మూడో అల మీద ఒకటి, పక్క కర్రల నుంచి ఇంకొంచెం వెనక రెండు, అన్నిటికంటే దూరంగా మధ్యలో ఒకటి. అల వెనక వాలులో కాకుండా ముందు ముఖం మీద లూరు పరిగెత్తాలి, ఎనిమిది నాట్ల వేగంలో. పైకి వచ్చి గాలి మింగి, మునిగి బుడగల పొగ వదులుతూ మళ్లీ పైకి రావాలి. ఎగిరి ఎగిరి పడుతుంటే దారం కొంచెం వదలాలి, పైకి రాకపోతే కొంచెం లాగాలి.

ఫిబ్రవరిలో ఒక శనివారం ముగ్గురం కలిసి బోటు మాట్లాడుకుని వెళ్లాం. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరి, తీరం కనిపించనంత దూరం పోయాక లూర్లు వదిలాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, గాలి, కాబట్టి చెన్నైలో ఉన్నవాళ్లు ముందే లెక్క చూసుకోవాలి. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. ఒంటిగంటకి మూడో అల మీద లూరు వెనక నల్లటి నీడ, ఆ నీడ ఒక్కసారి నీలంగా వెలిగింది. చర్మం మీద చారలు నియాన్ దీపాల్లా వెలుగుతాయని చదివాను గానీ అలా ఉంటుందనుకోలేదు. మయిల్ మీన్, ముప్పై కిలోలు ఉండొచ్చు. పదకొండు సార్లు ఎగిరింది, నా స్నేహితుడు లెక్కపెట్టాడు. ఎగిరిన ప్రతిసారీ రాడ్డు కొన కిందికి వంచి బిగువు తగ్గించాను. ఇరవై నిమిషాల్లో బోటు పక్కకి వచ్చింది, మూతి పట్టుకుని నీళ్లలోనే గాలం తీసి, బోటుని నిదానంగా నడుపుతూ మొప్పల్లోకి నీళ్లు పోనిచ్చి వదిలేశాం. లీడర్ పెద్దాయన గోడ మేకుల మధ్య నేను కట్టిందే. విప్పి చూస్తే క్రింపు దగ్గర ఒక్క గీత లేదు.

మార్చిలో మారిషస్. అక్కడ తీరానికి కాస్త దూరంలోనే సముద్రం లోతుగా పడిపోతుంది, అరగంటలో లూర్లు వదిలేయొచ్చు. మొదటి రెండు రోజులు మా బోటులో ఏమీ తగల్లేదు. మూడో రోజు పది గంటలప్పుడు దూరపు లూరు మీద బ్లూ మార్లిన్ పడింది, కుర్చీలో వంతు నాది, రీలు నా 80. మొదటి పరుగులోనే మోనో అంతా పోయి పచ్చ కనబడింది. పక్కన కెప్టెన్ ఫ్రెంచ్‌లో ఏదో అరుస్తున్నాడు, బావ తెలుగులో అరుస్తున్నాడు, నాకు మాత్రం సందులో నడిచి వెళ్తున్న కుర్రాడూ 16 మీద ఆగిన ముల్లూ కళ్ల ముందు కనిపించాయి. లీవర్ తెల్ల చుక్కకి లాగాను. దారం ఇంకా పోతూనే ఉంది, కానీ ఆ గీరే శబ్దం పోయి నున్నటి శబ్దం వచ్చింది. కెప్టెన్ బోటు వెనక్కి తిప్పి నడిపాడు, పచ్చ మళ్లీ తెలుపు కింద దాక్కునే దాకా ఎర్ర చుక్కకి తేలేదు. గంటా పది నిమిషాలు. పోటీ రూలు ప్రకారం రాడ్డుని ఇంకెవరూ ముట్టుకోకూడదు, కుర్చీ తిప్పడం వరకే వాళ్ల సాయం. లీడర్ చేతికి అందింది, ట్యాగ్ గుచ్చారు, కెప్టెన్ అంచనా 160 కిలోలు. వదిలేశాం. కప్పు వేరే బోటు వాళ్లకి పోయింది, వాళ్లకి రెండు చేపలు. అదే రోజు ఇంకో బోటులో ఒక పెద్ద చేప పోయిందని సాయంత్రం తెలిసింది, క్రింపులోంచి లీడర్ జారిందట. ఆ మాట విని నేను ఆ రాత్రే పెద్దాయనకి ఫోన్ చేశాను. "పచ్చ కనబడిందా?" అన్నారు ముందు. కనబడింది బాబాయ్ అన్నాను. ఆ పిలుపు ఎలా వచ్చిందో నాకే తెలియదు, అప్పటి నుంచి అదే పిలుపు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. కార్డు తీసుకోరు, యూపీఐ ఉంది. కొన్నవాటికి బిల్లు అడిగితేనే రాస్తారు, అడగండి, వారంటీ గొడవ వస్తే అదే ఆధారం. రోలర్ గైడ్లున్న రాడ్లు, కుర్చీలో కూర్చుని లాగే హార్నెస్ ఆయన దగ్గర దొరకవు. ఇంకోసారి సర్వీసుకి ఇస్తే వారం అని పన్నెండు రోజులు పట్టింది, రెండుసార్లు వెళ్లి తిరిగొచ్చాను. పెద్ద రీళ్ల విడి భాగాలు బయటి నుంచి రావాలి, ఒక స్ప్రింగ్ కోసం నా స్నేహితుడు నెలన్నర ఆగాడు. నిలబడటానికి చోటు కూడా లేని షాపు, ఎండాకాలం ఫ్యాన్ ఒక్కటే. ఇవన్నీ కలిపినా ఐదులో నేను నాలుగున్నర ఇస్తాను, ఆ అర లూర్లకీ ఆలస్యానికీ తీసేశాను.

ఉదయం పదకొండు లోపల వెళ్లకండి, అప్పటిదాకా హార్బర్ నుంచి వచ్చే మత్స్యకారుల రద్దీ ఉంటుంది, వాళ్లకే ఆయన మొదటి ప్రాధాన్యం, అది న్యాయం కూడా. రాడ్డు, రీలు రెండూ తీసుకెళ్లండి, రాడ్డు లేకుండా వెళ్తే కాటా గోడ మీదే ఉంటుంది. ఎర్ర నెయిల్ పాలిష్ అయిపోయిందట, దారిలో ఒక సీసా కొని పట్టుకెళ్తే సంతోషిస్తారు.